ఈ వేసవి బొంతల పని

(సంఘం వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మహిళా విభాగం తరఫున నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము ఉపన్యాసకులం కాము. సూది దారం పట్టుకొనేవాళ్ళం. కనుక మేము తెచ్చిన విషయం కూడా సూది దారాలదే. వచ్చే వేసవి సెలవుల్లో, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు వున్న మన కుటుంబాల స్త్రీలు, పిల్లలు ఎవరి గల్లీకి దగ్గరలో వాళ్ళు కూర్చొని బొంతలు కుట్టాలని మా ప్రతిపాదన. ఎన్ని కుట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి ఇవ్వాలి, కుట్టినవారి కష్టానికి ఏమివ్వాలి అనే నాలుగు ప్రశ్నలకు మాకు తోచిన జవాబులు సభవారి ముందు వుంచుతాము. తప్పొప్పులు మీరు దిద్దండి.

"బజారులో మెత్తని బ్లాంకెట్లు దొరుకుతుంటే ఈ కాలంలో బొంతలెవరికి కావాలి?" అని ఇప్పుడే వెనక వరసలో ఎవరో అన్నారు. మంచి ప్రశ్న. అక్కడినుంచే మొదలుపెడదాము.

వాన నేర్పిన పాఠం

2020వ సంవత్సరం అక్టోబరు 13, 14 తేదీలను మన ప్రాంతం వాళ్ళెవరూ మరచిపోలేదు. ఒక్క రాత్రి వానకు నగరమంతా అతలాకుతలమైంది. సరూర్‌నగర్ చెరువు పొంగింది. చెరువు కిందనున్న కాలనీలలో, బస్తీలలో నీళ్ళు ఇండ్లలోకి వచ్చాయి. మేడ వున్నవాళ్ళు మేడ యెక్కారు, లేనివాళ్ళు చుట్టాల ఇండ్లకు చేరారు. నీళ్ళు తగ్గిన తర్వాత గల్లీల్లో ఏమి కుప్పలు పడ్డాయో గుర్తు చేసుకోండి. పరుపులు! ఫోం పరుపు ఒకసారి మోరీ నీళ్ళు పీల్చుకొంటే ఇక పనికిరాదు. ఎత్తాలంటే నలుగురు కావాలి, ఎండబెట్టాలంటే వారం కావాలి, వాసన మాత్రం పోదు. తీసి రోడ్డు మీద వెయ్యడమే.

ఆ రోజుల్లో మన యువకులు, ఇరుగుపొరుగు సంఘాలవాళ్ళు పగలనక రాత్రనక తిరిగారు. అన్నం పొట్లాలు వచ్చాయి, బియ్యం పప్పు వచ్చాయి, మంచినీళ్ళు వచ్చాయి. అన్నిటికంటె చివర వచ్చినవి పక్కబట్టలు. తడిసిన నేల మీద పాత పేపర్లు పరచుకొని పసిపిల్లలను పడుకోబెట్టిన తల్లులు మనలో వున్నారు. అప్పుడొక ఇంట్లో మేము చూసిన సంగతి చెబుతాము. ఆ ఇంటి ముసలమ్మ కుట్టిన పాత బొంతలు నాలుగు వున్నాయి. అవీ తడిశాయి. కాని కోడలు వాటిని సబ్బుతో ఉతికి, పిట్టగోడ మీద వేసి, రెండెండలు చూపించేసరికి మళ్ళీ పక్క మీదికి వచ్చాయి. వేలు పోసి కొన్న పరుపు పోయింది, పాత చీరల బొంత నిలిచింది. వెనక వరసలోని సోదరునికి మా మొదటి జవాబు ఇదే.

బొంత గొప్పదేమీ కాదు. పలుచని నూలు పొరలను కలిపి కుట్టిన పక్కబట్ట. పొరలు పలుచన కాబట్టి ఉతకవచ్చు, ఆరబెట్టవచ్చు, మడిచి చంకన పెట్టుకొని పోవచ్చు. ఎండాకాలం కింద పరచుకొంటాము, చలికాలం పైన కప్పుకొంటాము. చినిగితే ఇంకొక గుడ్డ వేసి కుడతాము. మన భాషలో "గుదడీ కా లాల్" అనే మాట వుంది కదా, గుదడీలో మాణిక్యం అని. గుదడీ అంటే ఈ అతుకుల బొంతే.

మన ఇంటి విద్య

ఈ పని మనకు కొత్త కాదని పిల్లలకు తెలియడం కోసం ఒక మాట. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో దూది ఏకి పరుపులు, రజాయిలు తయారు చేయడం తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతిలో వుండిన వృత్తి. దూదేకులవారు, నూర్‌బాషాలు, పింజారీలు, లద్దాఫ్‌లు అని ప్రాంతాన్నిబట్టి పేర్లు. ఈ పేర్లన్నీ వెనుకబడిన తరగతుల జాబితాలో 'బి' గ్రూపులో ఒకే చోట కనబడతాయి. లద్దాఫ్ అనే మాటకు మూలం అరబీలోని నద్దాఫ్, అంటే దూది ఏకేవాడు. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ మన్సూర్ పేరు చివర వున్న హల్లాజ్ అనే మాటకు అర్థం కూడా అదే. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంవాడని తెలుగువాళ్ళందరికీ తెలుసు.

మా చిన్నతనంలో భుజాన పెద్ద విల్లు వేసుకొని దూదేకే ఆయన మలక్‌పేట గల్లీల్లోకి వచ్చేవాడు. విల్లుకు బిగించిన నరాన్ని కొయ్యతో మీటుతుంటే ట్వంయ్, ట్వంయ్ అని గల్లీ అంతా మోగేది. గడ్డకట్టిన పాత దూది మబ్బుల్లాగా లేచేది. ఆయన దూది ఏకితే, ఇంట్లో ఆడవాళ్ళు పొరల మధ్య ఆ దూదిని పరచి రజాయి కుట్టేవారు. తర్వాత దూదేకే మిషన్లు వచ్చాయి, ఆ తర్వాత ఫోం పరుపులు వచ్చాయి, షోలాపూర్ చద్దర్లు, మిల్లు బ్లాంకెట్లు వచ్చాయి. విల్లు గోడకెక్కింది. దూదితో పని లేని పాత గుడ్డల బొంత మాత్రం పల్లెల్లోను, బస్తీల్లోను ఇంకా వుంది. అది హిందువుల ఇంట వుంది, మన ఇంట వుంది. బొంతకు మతం లేదు.

ఇక్కడే మాకు బెంగ. గత వేసవిలో మాకు మూల మలిచి కుట్టడం చేయి పట్టుకొని నేర్పిన ఒక పెద్దావిడ ఈ సంవత్సరం మన మధ్య లేరు. అల్లా ఆమెకు జన్నత్ ప్రసాదించుగాక. ఆమె దగ్గర నేర్చుకొన్నది మేము ముగ్గురమే. మన ప్రాంతంలో చేతి కుట్టు బాగా తెలిసిన అరవై దాటిన స్త్రీలను లెక్కపెడితే పదిమంది తేలారు. అందులో ఇద్దరికి కళ్ళలో శుక్లాలు. ఈ విద్య పుస్తకాలలో వున్నది కాదు, వేళ్ళలో వున్నది. ఆ వేళ్ళు వుండగానే పిల్లలు పక్కన కూర్చోవాలి.

గత వేసవి మా పొరపాట్లు

గొప్పలు చెప్పుకోవడానికి ముందు తప్పులు ఒప్పుకోవడం మంచిది. గత వేసవిలో మేము ఈ పని మొదలుపెట్టి యాభై బొంతలు కుడతామని ఇదే సంఘంలో ప్రకటించాము. చప్పట్లు కూడా కొట్టారు. తీరా సెలవులయ్యేసరికి పూర్తయినవి పదకొండు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

కారణాలు చూసుకొంటే మూడు తేలాయి. మొదటిది, అందరినీ ఒకే చోటికి రమ్మన్నాము. ఎల్.బి.నగర్ నుంచి, మన్సూరాబాద్ నుంచి ఎండలో దిల్‌సుఖ్‌నగర్‌కు రావాలంటే ఆటోకు డబ్బు, ఇంట్లో చంటిపిల్లలు, వంట. వారం తిరిగేసరికి సగం మంది మానేశారు. రెండవది, వచ్చిన గుడ్డలన్నీ తీసుకొన్నాము. సింథటిక్ చీరలు, జరీ దుపట్టాలు, చినిగి జల్లెడ అయిన బెడ్‌షీట్లు అన్నీ కలిపాము. సింథటిక్ పొర జారుతుంది, సూదికి లొంగదు, వేసవిలో ఒంటికి మంట. విప్పి మళ్ళీ కుట్టడానికే పది రోజులు పట్టింది.

మూడవది చెప్పడానికి సిగ్గుగా వుంది, అయినా చెబుతాము. మన గల్లీలోనే ఒక చెల్లెలు వుంది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. చీరలకు ఫాల్, పీకో కుట్టి ఇల్లు నడుపుకొంటుంది. ఆమెది మా అందరికంటె మంచి చేయి. మూడవ రోజు మెల్లగా అడిగింది: "ఆపా, రెండు గంటలు ఇక్కడ కూర్చుంటే నా ఫాల్ పని ఆగిపోతుంది. దీనికేమైనా ఇస్తారా?" మేమేమన్నాము? "ఇది ఖిద్మత్ పని కదమ్మా, సవాబ్ వస్తుంది" అన్నాము. ఆమె తల వంచుకొని ఆ వరస పూర్తి చేసి వెళ్ళింది. మర్నాటినుంచి రాలేదు.

ఆ రోజు మేము చాలా ధర్మంగా మాట్లాడామనే అనుకొన్నాము. తర్వాత ఇంట్లో కూర్చొని ఆలోచిస్తే అర్థమైంది. మా మొగుళ్ళు సంపాదిస్తుంటే మేము ఖిద్మత్ చేస్తాము. ఆమె ఎవరి సంపాదన మీద చెయ్యాలి? పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసును మన సభల్లో ఎన్నిసార్లు చదివాము! ఆడదాని సూది దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మాకు గుర్తు రాలేదు.

ఇతర చోట్ల ఏమి చేశారు

ఈ సమస్య మనకొక్కరికే రాలేదు. అహ్మదాబాద్‌లో 1972లో ఇలా భట్ గారు సేవా అనే స్త్రీ కార్మికుల సంఘాన్ని స్థాపించారు. అక్కడ దరియాపూర్ గల్లీలలోని ముస్లిం స్త్రీలు మిల్లుల్లో మిగిలిన గుడ్డపేలికలను, అంటే చిందీని, అతికి రజాయిల గలేబులు కుట్టేవారు. వ్యాపారి చిందీ ఇచ్చేవాడు, గలేబుకు ఇంత అని అతడే రేటు కట్టేవాడు. ఇంట్లో కూర్చొని చేసే పని గనుక దానిని పని అని ఎవరూ లెక్కలో వెయ్యలేదు. ఆ స్త్రీలు సంఘంగా కూడి రేటు అడిగారు. పని ఆగిపోయే పరిస్థితి వస్తే తామే సబీనా అనే పేరుతో సహకార సంఘం పెట్టుకొన్నారు. పరదాలో వున్న ఆడవాళ్ళు కూడా లెక్కల పుస్తకం పట్టుకొని తమ కూలి తాము నిర్ణయించుకొన్నారన్నమాట.

అమెరికాలో అలబామా అనే రాష్ట్రంలో విల్‌కాక్స్ జిల్లా నల్లజాతి స్త్రీలు 1966లో ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం ఏర్పరచుకొన్నారు. అదే జిల్లాలోని గీస్ బెండ్ పల్లె స్త్రీలు చినిగిన పొలం బట్టలతో కుట్టిన బొంతలు 2002లో మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో ఆ దేశం తపాలా బిళ్ళల మీద ఆ బొంతల బొమ్మలే వేసింది. మన పక్కనే కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలున్నారు. మన నగరంలో ఏ.సీ.గార్డ్స్ అన్న పేటకు పేరు తెచ్చిన ఆఫ్రికా సిపాయిలవంటి వంశాలవారే. అక్కడి సిద్దీ స్త్రీలలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు మూడు మతాలవాళ్ళూ ఒకే తీరున బొంత కుడతారు. మూలల్లో మూడు కోణాల గుడ్డ మడిచి పెడతారు, దాన్ని పువ్వు అంటారు.

వీటివల్ల మాకు బోధపడింది ఒక్కటే. బొంత పాత గుడ్డలతో తయారైనా, కుట్టే చేయి పాతది, చవకది కాదు. దానికి లెక్క వుండాలి.

ఈ ఏడాది ప్రణాళిక

ఇక అసలు విషయానికి వస్తాము. తెలంగాణలో బడులకు ఏప్రిల్ నెలాఖరు మొదలు జూన్ రెండవ వారం దాకా సెలవులు. అంటే ఏడు వారాలు. మృగశిర కార్తె ప్రవేశించే లోపల బొంతలు మడిచి పెట్టెలో వుండాలి. ఎందుకంటే ఉతకడానికి, ఆరబెట్టడానికి వేసవి ఎండ ఎంత మంచిదో, తర్వాతి ముసురు అంత చెడ్డది. మధ్యలో పండుగలు కూడా చూసుకోవాలి. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, 2025లో జూన్ 7న వచ్చిన బక్రీదు 2026లో మే చివరి వారానికి జరుగుతుంది. ఆ వారం ఎవరికీ సూది పట్టే తీరిక వుండదు. పెళ్ళిళ్ళు సరేసరి. కాబట్టి ఏడు వారాల్లో కుట్టుకు మూడే వారాలు లెక్క కట్టాము.

స్థలం: ఈసారి ఒక్క చోటు కాదు, అయిదు చోట్లు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సరూర్‌నగర్, మన్సూరాబాద్, ఎల్.బి.నగర్. ఒక్కో చోట నలుగురి జట్టు. ఇద్దరు పని తెలిసినవాళ్ళు, ఇద్దరు నేర్చుకొనేవాళ్ళు. ఇంటినుంచి పది నిమిషాలు నడిచి చేరేంత దూరంలో, కింది అంతస్తులో, ఫ్యాను వున్న గది చాలు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, వడగాలి మొదలు కాకముందే పని ముగించాలి. వారానికి నాలుగు రోజులు మాత్రమే.

గుడ్డలు: నూలు చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నలభై అయిదు అంగుళాల వెడల్పు వస్తుంది. రెండు చీరలతో ఆరు పొరలు. ఒక మనిషికి చాలిన బొంత. చీరలు తక్కువైతే లోపలి పొరలకు పాత నూలు లుంగీలు, దుపట్టాలు, బెడ్‌షీట్లు వాడవచ్చు. మగవారు లుంగీలు దానం చెయ్యడానికి వెనుకాడవద్దని మనవి. నూలో కాదో తెలియకపోతే అంచునుంచి ఒక పోగు తీసి, పళ్ళెంలో పెట్టి, పెద్దవాళ్ళు అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. సింథటిక్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. అది మాకు వద్దు. పై పొర అందంగా వుండటానికి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట టైలర్ల దగ్గర మిగిలే కత్రన్ అడిగి తెస్తాము. ఇచ్చిన ప్రతి గుడ్డ వేడి నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరబెట్టి ఇవ్వాలి. మురికి గుడ్డ ఇస్తే ఉతికే భారం ఇంకొక ఆడదాని మీద పడుతుంది, గుర్తుంచుకోండి.

కుట్టు: ముందు పొరలు సరిచేసి, ముడతలు లేకుండా నేల మీద పరచి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పట్టి వుంచాలి. తర్వాత పొడవునా అంగుళంన్నర ఎడంగా వరసలు. నలభై అయిదు అంగుళాల వెడల్పుకు ముప్పై వరసలు వస్తాయి. చేయి తిరిగినవాళ్ళు గంటకు మూడు వరసలు కుడతారు, కొత్తవాళ్ళు ఒకటి. నలుగురి జట్టు గంటకు ఎనిమిది వరసలు, రోజుకు పదహారు, వారానికి అరవై నాలుగు. అంటే జట్టుకు వారానికి రెండు బొంతలు. అయిదు జట్లు, మూడు వారాలు, ముప్పై బొంతలు. ఇది కాగితం మీది లెక్క. జ్వరాలు, చుట్టాలు, నీళ్ళ ట్యాంకర్ కోసం నిలబడటాలు, ఇవన్నీ తీసేసి మేము ఇరవై మాత్రమే అంటున్నాము. ఈసారి చప్పట్లు ఇప్పుడు వద్దు, జూన్‌లో కొట్టండి.

మొదటి వారం గుడ్డలు సేకరించి, ఏరి, కొలత చూడడం. రెండు, మూడు, నాలుగు వారాలు కుట్టు. అయిదవ వారం, లేదా పండుగ పడిన వారం, సెలవు. ఆరవ వారం అంచులకు గోట్ వేసి తుర్పాయి చేయడం, మూలలు మలవడం. ఏడవ వారం ఒకసారి ఉతికి, రెండెండలు చూపి, వేపాకు వేసి నూలు గుడ్డలో మూట కట్టడం. ప్లాస్టిక్ సంచిలో కట్టవద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ఎవరికి: పదహారు బొంతలు సంఘం అలమారులో వుంటాయి. వానాకాలంలో చెరువు కింది బస్తీల్లో నీళ్ళు వచ్చిన రాత్రి అవి తలుపు తెరిచి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పేరు, కులం, మతం అడగరాదు. తడిసిన పిల్ల ఎవరి పిల్ల అయినా తడిసిన పిల్లే. మిగిలిన నాలుగు బొంతల గుడ్డను నాలుగేసి ముక్కలు చేస్తే పదహారు చిన్న బొంతలు అవుతాయి. అవి ఈ ఏడాది మన గల్లీల్లో పుట్టబోయే పసిబిడ్డలకు. అమ్మమ్మ చీర, నాన్నమ్మ చీర కలిపిన మెత్తటి బొంత కంటె పసిబిడ్డకు మంచి పక్క లేదు.

కూలి: జట్టులో నలుగురు గంటకు ఎనిమిది వరసలు కుడితే, ముప్పై వరసల బొంతకు దాదాపు నాలుగు గంటలు, నలుగురివి కలిపి పదిహేను గంటల పని. ఇరవై బొంతలకు మూడు వందల గంటలు. అందులో సగం, నూట యాభై గంటలు, పని తెలిసినవాళ్ళవి. ఆ నూట యాభై గంటలకు గంట లెక్కన కూలి ఇవ్వాలని మేము కోరుతున్నాము. గంటకు ఎంత అన్నది సభవారు తేల్చండి, కాని టైలరు దుకాణం ఇచ్చేదానికి తక్కువ కాకూడదు. వారం చివర అందరికీ ఒకే రకం కవరు ఇవ్వాలి. అవసరం లేనివాళ్ళు ఆ కవరు మళ్ళీ సంఘం పెట్టెలో వేసుకోవచ్చు, ఎవరు వేశారో ఎవరు ఇంటికి తీసుకుపోయారో ఎవరూ చూడనక్కరలేదు. అప్పుడు తీసుకొన్నవాళ్ళకు చిన్నతనం వుండదు, వేసినవాళ్ళకు గొప్ప వుండదు. నేర్చుకొనేవాళ్ళకు కూలి లేదు, వాళ్ళకు దక్కేది విద్య. సెలవుల చివర ఒక్కొక్కరికి సూదుల డబ్బా, ఒక అంగుస్తానా ఇస్తాము.

పిల్లల సంగతి

పదేళ్ళు దాటిన పిల్లలు తల్లి వెంట వచ్చి కూర్చోవచ్చు. వాళ్ళచేత పని చేయించుకోవడం మా ఉద్దేశం కాదు. ఒక గంట సూదిలో దారం ఎక్కించడం, ముక్కలు రంగులవారీగా ఏరడం, ఒక చిన్న చదరం కుట్టి ఇంటికి తీసుకుపోవడం, అంతే. మగపిల్లలు కూడా రావాలి. సూది ఆడవాళ్ళ పని అని ఎవరైనా నవ్వితే, దైవప్రవక్త (స) తమ బట్టలు తామే కుట్టుకొనేవారని, చెప్పులు తామే బాగుచేసుకొనేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేసిన హదీసు వాళ్ళకు వినిపించండి.

సెలవుల్లో రెండు చిన్న ప్రయాణాలు కూడా అనుకొన్నాము. రెండూ దగ్గరివే. ఒకటి సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో తెరచిన ఈ మ్యూజియం 1968 నుంచి మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలో వుంది. 2018లో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది గనుక మనవాళ్ళు ఎండ తగలకుండా ఎం.జి.బి.ఎస్. స్టేషనులో దిగి వెళ్ళవచ్చు. అక్కడ పాత వస్త్రాలు, అంచుల పనితనం పిల్లలకు చూపించాలి. శుక్రవారం సెలవు, మనకూ జుమా. కాబట్టి వేరే రోజు పెట్టుకొందాము. రెండవది విజయవాడ రోడ్డున చౌటుప్పల్ దాటక ముందే వచ్చే కొయ్యలగూడెం. అక్కడి నేతవాళ్ళు చిటికీ రంగుల నూలు దుప్పట్లు నేస్తారు. దారం గుడ్డగా మారడం కళ్ళారా చూసిన పిల్ల, పాత చీరను తుడుపుగుడ్డ చెయ్యడానికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

మగవారికి మనవి

కట్టకడపట సోదరులకు మూడు మనవులు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు వారానికి నాలుగు రోజులు మీ ఇంటి టీ, పరాఠా ఆలస్యమైతే కోపగించవద్దు. మీ అమ్మగారి కళ్ళు మసకగా వుంటే, "ఈ వయసులో సూది ఎందుకమ్మీ" అనడానికి బదులు సెలవులకు ముందే కళ్ళ డాక్టరుకు చూపించండి. ఆమె కుట్టలేకపోయినా పక్కన కూర్చొని తప్పులు పట్టగలదు, అదే మాకు పెద్ద సాయం. మూడవది, కూలి డబ్బు విషయంలో సంఘం నిధిలోనుంచి తీర్మానం చేసి ఇవ్వండి. విరాళం అడిగి అడిగి ఇప్పించవద్దు. విరాళం ఒక ఏడాది వస్తుంది, ఇంకొక ఏడాది రాదు. కూలి అలా వుండకూడదు.

ఇక్కడికి వచ్చే ముందు మేము ముగ్గురం ఆ ఫాల్ కుట్టే చెల్లెలి ఇంటికి వెళ్ళాము. గత ఏడాది అన్న మాటకు క్షమాపణ అడిగాము. ఆమె నొచ్చుకోలేదు, టీ పెట్టింది. మిషను ఆపకుండానే మా లెక్కంతా వింది. విని ఒక్క మాట అంది: "ఆపా, వస్తాను. కాని గంటలు నోటిమాటగా వద్దు, ఒక పుస్తకంలో రాయండి. రోజూ నాచేత సంతకం పెట్టించండి."

రెండు వందల పేజీల పుస్తకం కొన్నాము. గీతలు కూడా గీశాము. పేరు, తేదీ, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, సంతకం. మొదటి పేరు ఆమెదే రాశాము. కూలి గడి మాత్రం ఖాళీగా వుంచాము. ఆ గడి నింపవలసింది ఈ సభ. ఈ రోజు లేచి వెళ్ళేలోపల నింపి పంపాలని కోరుతూ, మా మాటల్లో ఏదైనా పొల్లు వుంటే మన్నించవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాము.